యోబు తప్ప ఏదైనా

ఎల్మ్ ఫోర్క్ రెండవ బాప్టిస్టు చర్చి పురుషుల బైబిలు అధ్యయన బృందం, అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికను మొదటినుంచి చివరిదాకా చదివి ముగించిందని ప్రకటించడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. ఆ పత్రికలో నాలుగు అధ్యాయాలున్నాయి. రాయడానికి పౌలుకు ఎన్నాళ్లు పట్టిందో తెలియదు గాని, చదవడానికి మాకు మూడేళ్లు దాటింది. ఆయన సంకెళ్లలో ఉన్నాడు, వేరే పనులు తగలవు. మాకు గోధుమ కోతలుంటాయి.

మా పద్ధతి తెలియనివాళ్లు దీన్ని నత్తనడక అనుకోవచ్చు. శనివారం ఉదయం ఏడు గంటలకు చర్చి సహవాసపు హాలులో కలుస్తాం. ముందు కాఫీ. తరువాత లాయిడ్ టిప్టన్ పెద్ద పెనం మీద పాన్‌కేకులు పోస్తాడు, బేకన్ వేయిస్తాడు. తింటూ వాన సంగతి మాట్లాడుకుంటాం. కాన్సస్‌లో వాన ఒక్కో పొలంలో ఒక్కోలా పడుతుంది కాబట్టి, ఎవరి పొలంలో పడినదాన్ని గురించి వాళ్లు విడివిడిగా నివేదించాలి. పడకపోతే ఇంకా ఎక్కువసేపు నివేదించాలి. అటుపైన ట్రక్కులు, ఫుట్‌బాల్, మోకాళ్లు. చివరికి బైబిళ్లు తెరిచి, బల్ల చుట్టూ వరసగా తలా ఒక వచనం చదువుతాం. చదవడం మొదలవగానే ప్రతివాడూ తన వంతుకు ఏ వచనం వస్తుందో లెక్కేసుకుని, అందులో నోరు తిరగని పేరేమైనా ఉందేమో చూసుకుని, లోలోపల సాధన చేసుకుంటాడు. తన వంతు అయిపోగానే హమ్మయ్య అని కాఫీ తెచ్చుకోవడానికి లేస్తాడు. ఈ విధంగా మూడేళ్లలో ఎవరి వచనాలు వాళ్లం క్షుణ్ణంగా విన్నాం.

పత్రిక పూర్తికావడంలో కూడా మా తప్పేమీ లేదు. డిసెంబరులో జింకల వేట మొదలైన శనివారం అందరూ తుపాకులు పట్టుకుని పోయారు. హాలులో మా నాయకుడు డెల్బర్ట్ హస్కిన్స్, నేను మిగిలాం. ఆయనకు తుంటి ఆపరేషనైంది, నాకు తుపాకీ మోత పడదు. పెనం దగ్గర లాయిడ్ లేడు. వాన గురించి వాదించడానికి మనిషి లేడు. తోచక చదువుతూ పోయాం. తలెత్తి చూసేసరికి పుస్తకం అయిపోయింది. డెల్బర్ట్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇప్పుడెలాగోయ్? ఇంకోటి వెతకాలి కదా!" అన్నాడు.

ఆయన భయానికి కారణముంది. మాది రెండవ చర్చి. మొదటిది రోడ్డుకు అవతల ఉంది. ఒకప్పుడు రెండూ ఒకటే. మా తండ్రుల కాలంలో పురుషుల బృందం ఉత్సాహపడి ప్రకటన గ్రంథం చేపట్టింది. విశ్వాసులు పరలోకానికి ఎత్తబడేది మహా శ్రమలకు ముందా, తరువాతా అన్న దగ్గర చర్చ మొదలై, వంటగదిలోని పెద్ద కాఫీ పాత్ర ఎవరిదన్న దగ్గర ముగిసింది. వాళ్లకు భవనం దక్కింది, మాకు కాఫీ పాత్ర దక్కింది. అప్పటినుంచి తరువాత ఏ గ్రంథం చదవాలన్నది మాకు ఆషామాషీ వ్యవహారం కాదు.

వేట ముగిసి అందరూ తిరిగొచ్చిన శనివారం డెల్బర్ట్ లేచి నిలబడ్డాడు. ఆయన ధాన్యం గిడ్డంగికి మేనేజరుగా పనిచేసి రిటైరైన మనిషి. లారీలను తూకానికి వరసలో నిలబెట్టిన గొంతు ఇంకా అలాగే ఉంది.

"సోదరులారా! దేవుని వాక్యంలో అరవై ఆరు గ్రంథాలున్నాయి. వాటిలో ఒకదాన్ని మనం జయించాం. ఇక మిగిలినవి మన ముందు బారులు తీరి ఉన్నాయి. దొరికిందే చాలని ఏదో ఒకటి తెరిచి చదివేసే మనుషులం కాము మనం. ప్రార్థనాపూర్వకంగా, సంప్రదాయబద్ధంగా, ఎవరి మనసూ నొచ్చుకోకుండా ఎంచుకుందాం. ప్రభువు ఎవరి హృదయంలో ఏం పెట్టాడో చెప్పండి."

ఈ ఆఖరి మాట చాలా శక్తిమంతమైనది. నాకు ఫలానాది ఇష్టం అంటే పక్కవాడు కాదనవచ్చు. ప్రభువు నా హృదయంలో పెట్టాడు అంటే ఇంక వాదన లేదు. కాదన్నవాడు ప్రభువుతోనే తగువు పెట్టుకున్నట్టు లెక్క. ఆ ఉదయం ప్రభువు ఒక్కొక్కరి హృదయంలో ఒక్కొక్క గ్రంథం పెట్టాడని తేలింది. ఆయనకు ఇన్ని అభిప్రాయాలున్నాయని మాకు అంతవరకూ తెలియదు.

ముందుగా వెర్నన్ క్రాల్ గొంతు సవరించుకున్నాడు. ట్రాక్టర్ల దుకాణం యజమాని. ఊళ్లో అందరి పొలాల్లోనూ ఆయన అమ్మిన యంత్రాలే తిరుగుతాయి, అందరి చెవుల్లోనూ ఆయన మాటలే తిరుగుతాయి.

"నా హృదయంలో సామెతల గ్రంథం పెట్టాడు. సోమరుల గురించి అందులో చాలా వివరంగా ఉంటుంది" అన్నాడు, పెనం వైపు చూస్తూ.

పెనం దగ్గరున్న లాయిడ్ అట్లకాడ కింద పెట్టాడు. లాయిడ్ మంచి రైతు. కాకపోతే పొద్దు బాగా ఎక్కాక మంచి రైతు.

"నా హృదయంలో యాకోబు పత్రిక పెట్టాడు. నాలుక గురించి ఒక అధ్యాయం మొత్తం ఉంది. అందరికీ అక్కర్లేదనుకో. ఒకరిద్దరికి పనికొస్తుంది."

"ఎవరికో పేరు చెప్పరాదా, బ్రదర్!"

"పేరు చెప్పలేదు, బ్రదర్. మొహం మాత్రం చూపించాడు."

మా సంఘంలో మగవాళ్లు ఒకరినొకరు మామూలుగా పేరు పెట్టి పిలుచుకుంటారు. బ్రదర్ అన్న మాట వినబడిందంటే బల్ల మీద కత్తులు తీసి దాచాలన్న మాట. డెల్బర్ట్ అది గ్రహించి, సంఖ్యాకాండం చదువుదామని మధ్యేమార్గం చూపించాడు. గోత్రాలవారీగా జనాభా లెక్కలన్నీ అందులో చక్కగా ఉంటాయని ఆయన వాదన. అన్ని పేర్లు చదివే ధైర్యం ఎవరికీ లేక అది అక్కడే ఆగిపోయింది.

అప్పుడు బల్ల చివర కూర్చున్న గ్లెన్ పర్వియాన్స్ బడిలో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

గ్లెన్ మా బృందంలో కొత్త. చర్చిలో పాతకాపే గాని శనివారాలు ఎప్పుడూ వచ్చేవాడు కాదు. శనివారం ఉదయం భార్య లోయిస్‌తో కలిసి పక్క ఊరికి టిఫినుకు వెళ్లడం వాళ్ల అలవాటు. అక్టోబరులో లోయిస్ పోయింది. ఆ తరువాత రెండు శనివారాలు ఒక్కడూ ఆ హోటలు దాకా కారులో వెళ్లి, లోపలికి వెళ్లకుండా తిరిగొచ్చేశాడట. మూడో శనివారం మా హాలుకు వచ్చాడు. చంకలో బైబిలు ఉంది. మాలో బైబిలు మరిచిపోకుండా తెచ్చేది ఆయనొక్కడే.

"యోబు చదువుదామా?" అన్నాడు గ్లెన్.

యోబు కథ తెలియని పాఠకులుండరు. పశువులూ పోయి, పిల్లలూ పోయి, ఒళ్లంతా కురుపులై, బూడిదలో కూర్చుని నాకెందుకిలా అని దేవుణ్ణి నిలదీసిన మనిషి. గ్లెన్ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ పుస్తకం తెరిస్తే లోయిస్ ప్రస్తావన వస్తుంది. వస్తే గ్లెన్ కళ్లలో నీళ్లు తిరగవచ్చు. తిరిగితే మేము ఏదో ఒకటి చెయ్యాలి. ఏం చెయ్యాలో మాలో ఎవరికీ తెలియదు.

లాయిడ్ అడక్కుండానే గ్లెన్ పళ్లెంలో మరో రెండు పాన్‌కేకులు వేశాడు. మా ఊళ్లో మగవాళ్లు సంతాపం తెలిపే పద్ధతి ఇదే. పోయిన నెలరోజుల్లో గ్లెన్ చాలా లావెక్కాడు.

"మంచి సూచన, గ్లెన్. పరిశీలనలో ఉంచుదాం" అన్నాడు డెల్బర్ట్. ఆయన గిడ్డంగిలో పనిచేసినన్నాళ్లూ జీతం పెంచమని అడిగినవాళ్లకు ఇదే జవాబు చెప్పేవాడు.

బయటికొచ్చాక గ్లెన్ నా ట్రక్కు దగ్గర ఆగాడు. "ఇంట్లో నేను ఒక్కణ్ణే మొదలుపెట్టాను. ఎదురుగా లోయిస్ కుర్చీ ఉంటుంది కదా, యోబు తన పుట్టుకను శపించుకునే మూడో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతున్నా. నాలుగుసార్లు చూశాను. పక్కన ఇంకెవరైనా ఉంటే దాటేస్తానేమోననిపించింది. అంతే. ఎవరూ ఏం చెప్పక్కర్లేదు" అన్నాడు.

ఆ మాటకు తగిన జవాబుగా, ఆయన బండి వెనక ఎడమ టైరులో గాలి తక్కువగా ఉందని చెప్పాను. చూస్తానన్నాడు.

దీన్ని కఠినత్వం అనుకోకూడదు. మా ఊళ్లో మగవాడు మరో మగవాడికి ఫోను చేసి, ఇంట్లో తోచడం లేదు, వచ్చి కాసేపు కూర్చోవోయ్ అనడు. అనాలంటే ముందు ఏదో ఒకటి చెడిపోవాలి. బావి పంపు చెడిపోతే పిలవవచ్చు. బండి స్టార్టు కాకపోతే నలుగురం పరుగెత్తుకొస్తాం, చీకటి పడేదాకా కదలం. గ్లెన్ ఇంట్లో ఏ యంత్రమూ చెడిపోలేదు. అదే వచ్చిన చిక్కు.

ఇంతలో ఇంకో పిడుగు పడింది. మా కుర్ర పాస్టరు కోల్బీ ఒక శనివారం హాలులోకి వచ్చి, బేకన్ ముక్క తీసుకుని, స్త్రీల బైబిలు బృందం శనివారం ఉదయం ఈ హాలు తమకు కావాలని అడుగుతోందని మెల్లగా చెవిన వేశాడు. వాళ్లు గురువారం ఉదయం గాయకబృందం అంగీలు దాచుకునే గదిలో కలుస్తున్నారు. ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకు గురువారం కుదరడం లేదట. పైగా అంగీల మధ్య ఊపిరి ఆడడం లేదట.

"హాలు ఎవరికివ్వాలన్నది నేనేం చెప్పను. ఏదైనా చదువుతున్న బృందానికే హాలు అని చర్చి నియమం. మీరిప్పుడు ఏం చదువుతున్నారు?" అన్నాడు.

"ఏం చదవాలన్నది అధ్యయనం చేస్తున్నాం" అన్నాడు డెల్బర్ట్.

జనవరి ఆఖరుకల్లా తేల్చమని చెప్పి, పాస్టరు ఇంకో ముక్క తీసుకుని వెళ్లిపోయాడు.

స్త్రీల బృందానికి నాయకురాలు మార్జొరీ హస్కిన్స్, అంటే సాక్షాత్తూ డెల్బర్ట్ భార్య. వాళ్లు బైబిలు మొత్తం ఒకసారి పూర్తిచేసి, రెండోసారి చదివి, ఇప్పుడు మూలభాషలో ఎలా ఉంటుందో చూద్దామని హెబ్రీ అక్షరాలు దిద్దుకుంటున్నారు. దీనికి డెల్బర్ట్ చెప్పే కారణం చాలా శాస్త్రీయమైనది. వాళ్లు పాన్‌కేకులు వేసుకోరు, అందుకని తొందరగా అయిపోతుందని ఆయన అభిప్రాయం.

హాలు పోతుందనేసరికి మాలో భక్తి పెల్లుబికింది. శనివారం ఉదయం ఇంటిదగ్గర ఉండవలసి వస్తే ఏం చెయ్యాలో మాలో ఎవరికీ ఊహకందలేదు. ఇళ్లలో ఆడవాళ్లు కూడా ఆ ఊహకు బెదిరిపోయారని తరువాత తెలిసింది. వెంటనే ఎంపిక విధానం ఖరారైంది. ఏ గ్రంథమైనా ఒక సోదరుణ్ణి నొప్పించే అవకాశముంటే దాన్ని ప్రేమతో పక్కనపెట్టాలి. అలా పెట్టగా మిగిలిందే దేవుని చిత్తం.

మొదట పక్కకు పోయింది యోబు. డెల్బర్ట్ ఆర్ద్రమైన గొంతుతో చెప్పాడు. "మన మధ్య ఒక సోదరుడు ఈమధ్యే తీరని దుఃఖం అనుభవించాడు. ఆయన గాయాన్ని కెలికే గ్రంథాన్ని ఈ బల్ల దగ్గరకు రానివ్వం. అది మన ప్రేమ."

"అడిగింది నేనే కదా!" అన్నాడు గ్లెన్.

"నీ బాధ మాకు తెలుసు గ్లెన్. నువ్వు మా కోసం మొహమాటపడుతున్నావు."

"మొహమాటం కాదు, నిజంగానే..."

"చూశారా, ఎంత నిబ్బరమో!" అన్నాడు వెర్నన్, అందరివైపూ తిరిగి. గ్లెన్ పళ్లెంలోకి ఇంకో పాన్‌కేకు వచ్చింది.

తరువాత పని చురుగ్గా సాగింది. లేవీయకాండంలో పంది మాంసం తినరాదని ఉంది. అది చదివే సమయానికి పెనం మీద బేకన్ ఉంటుంది కాబట్టి లాయిడ్‌కు కష్టం కలుగుతుందని తీసేశాం. ఆమోసులో ధనవంతుల్ని తిట్టే వచనాలు వెర్నన్‌కు కష్టం. వాళ్ల భార్యల్ని ఆవులారా అని పిలిచే వచనం డెల్బర్ట్‌కు ఇంకా కష్టం, ఎందుకంటే మార్జొరీకి హాలు గోడ అవతలి వంటగదిలో తరచు పని ఉంటుంది. ప్రసంగి గ్రంథం అంతా వ్యర్థమంటుంది. కొత్త ట్రాక్టర్లు దిగే రోజుల్లో ఆ మాట ఊళ్లో పాకితే మంచిది కాదని వెర్నన్ మనవి చేశాడు. ప్రేమికుల ముచ్చట్లు నిండిన పరమగీతం పేరెత్తగానే అందరం ఒకేసారి కాఫీ కోసం లేచాం. ఆ వచనాలు వంతులవారీగా పైకి చదవాల్సి వస్తే, ఎవరి ఎదురుగా ఎవరు కూర్చుంటారన్నదే పెద్ద సమస్య. యోనా మీద కొంత ఆశ పుట్టింది, కానీ ఆయన్ని మింగింది ఏ జాతి చేప అయి ఉంటుందన్న దగ్గర ఇద్దరికి మాట పట్టింపు వచ్చింది. రూతు, ఎస్తేరు ఆడవాళ్ల కథలు, ఆడవాళ్ల ఖాతాలోవి. మత్తయి సువార్తలో శత్రువులను ప్రేమించమని ఉంది. మొదటి చర్చి వాళ్లతో సాఫ్ట్‌బాల్ పోటీ అయ్యేదాకా అది వద్దనుకున్నాం. లూకాలోనూ అదే మాట ఉందని గ్లెన్ గుర్తుచేస్తే, అంత లోతుగా చదివినందుకు మెచ్చుకుని దాన్ని కూడా తీసేశాం.

ఒక్కొక్క గ్రంథం పక్కకు పోతున్నకొద్దీ మాకు ఒకరి మీద ఒకరికి ప్రేమ పెరిగింది. ఇంతకుముందెన్నడూ బైబిలును ఇంత శ్రద్ధగా తిరగెయ్యలేదు. ఏ పుట తీసినా ఎవడో ఒకడు భుజాలు తడుముకున్నాడు. ఇన్నేళ్లుగా మేము మోసుకు తిరుగుతున్న ఈ పుస్తకం నిండా మా గురించే ఉందని మొట్టమొదటిసారి తెలిసి, అందరం కొంచెం భయపడ్డాం కూడా.

చివరికి ఒక్కటే మిగిలింది. ఫిలేమోను. ఒకే అధ్యాయం, ఒకే పుట. ఒక యజమాని దగ్గరనుంచి పారిపోయిన దాసుణ్ణి పౌలు తిరిగి ఆ యజమాని దగ్గరికి పంపుతూ రాసిన చిన్న ఉత్తరం. ఇందులో ఎవరికీ ఏమీ తగలదని డెల్బర్ట్ సంబరపడ్డాడు. ఇంత చిన్నదైతే ఓ మూడు నాలుగు నెలలు లాగవచ్చని లెక్కవేశాడు.

"అంటే, ఒకరి ఇంటినుంచి వెళ్లిపోయింది తిరిగి వాళ్ల ఇంటికి చేరాలంటాడు పౌలు" అన్నాడు వెర్నన్, పాన్‌కేకు మీద పాకం పోసుకుంటూ. "బాగుంది. చాలా బాగుంది. చాలా ఏళ్లయినా సరే తిరిగి చేరాల్సిందే."

లాయిడ్ వెనక్కి తిరిగాడు. "ఇది నీ కట్టెలు చీల్చే యంత్రం గురించే కదూ?"

"నేను పౌలు గురించి మాట్లాడుతున్నాను, బ్రదర్."

"పౌలుకు కట్టెల యంత్రం లేదు, బ్రదర్! నువ్వే ఉంచుకోమన్నావు కదరా ఆ రోజు!"

"చలికాలం దాకా ఉంచుకోమన్నాను."

"ఏ చలికాలమో నువ్వు చెప్పకపోతివి!"

ఫిలేమోనును ప్రేమతో పక్కన పెట్టేశాం. బైబిలు అయిపోయింది.

అప్పుడు గ్లెన్ అన్నాడు. "యోబుకు ముగ్గురు స్నేహితులు వస్తారు చూశారా. వాళ్లు వచ్చి, ఏడు రోజులు ఆయన పక్కన నేల మీద కూర్చుంటారు. ఒక్కమాట మాట్లాడరు. అది నాకు చాలా నచ్చింది. ఆ రెండో అధ్యాయం ఒక్కటైనా చదువుదాం."

ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్న మగవాళ్లు! మాకు నిజంగానే ముచ్చటేసింది. లాయిడ్ పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నాడు. డెల్బర్ట్ కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. నా చెయ్యి కూడా బైబిలు మీదికి వెళ్లిందని చెప్పగలను. మరో నిమిషం గడిచి ఉంటే ఏం జరిగి ఉండేదో.

"అలా కూర్చోవడానికి వాళ్లకు పశువుల పని లేదు కాబోలు" అన్నాడు వెర్నన్. అందరం నవ్వాం. ఎంత హాయిగా నవ్వామంటే, గండం గడిచినట్టే అనిపించింది. లాయిడ్ లేచి పొయ్యి వెలిగించాడు. గ్లెన్ కూడా మాతోపాటు కొంచెం నవ్వాడు.

జనవరి ఆఖరి శనివారం పాస్టరు కోల్బీ, మార్జొరీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆమె చేతిలో కొలత టేపు ఉంది. కుర్చీలు ఎలా వెయ్యాలో చూసుకోవడానికి కాబోలు. హాలు పోయిందనే అనుకున్నాం. అప్పుడు వెర్నన్ తన ట్రక్కులోంచి ఒక అట్టపెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రభువు దాన్ని తన హృదయంలో పెట్టాడని, హృదయంలోంచి నేరుగా దుకాణానికి వెళ్లి తెచ్చానని చెప్పాడు.

అది ‘గురి తప్పని మగవాడు’ అనే అధ్యయన పాఠ్యక్రమం. టెక్సాస్‌లో ఎవరో మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు తయారుచేశాడట. ప్రతి పాఠానికీ ఒక వీడియో. అందులో ఆయన ట్రక్కు వెనక కూర్చుని, చేత్తో విల్లు పట్టుకుని, విశ్వాసం గురించి, గాలివాటం గురించి మాట్లాడతాడు. తరువాత ఖాళీలు పూరించే పుస్తకం. పాఠానికి ఒక వచనం ఆ పుస్తకంలోనే అచ్చువేసి ఉంటుంది కాబట్టి విడిగా బైబిలు మోసుకురానక్కరలేదు. ఆ వచనాలు కూడా ఎవరికీ తగలకుండా ఎంతో జాగ్రత్తగా ఏరారు. మనిషికొక వేట టోపీ ఉచితం.

డెల్బర్ట్ లేచి పాస్టరుతో అన్నాడు. "అయ్యా! రెండు నెలలు ఈ బృందం ఉపవాసం తప్ప అన్ని విధాలా ప్రయాసపడింది. లేఖనాలన్నిటినీ పరిశోధించింది. చివరకు, లేఖనాలకు ఏమాత్రం తీసిపోని ఈ పాఠ్యక్రమం దగ్గరకు ఆత్మ మమ్మల్ని నడిపించింది. మేము చదువుతున్నాం. రుజువు కావాలంటే టోపీలు చూడండి."

పాస్టరు టోపీలు చూశాడు. నియమం ప్రకారం హాలు మాదే అన్నాడు. మార్జొరీ కొలత టేపు చుట్టి సంచిలో వేసుకుంది. మొగుడి నెత్తిమీద టోపీ వైపు కాసేపు చూసి, బల్ల చివరకు నడిచింది. అక్కడ గ్లెన్ టోపీని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మీరు ఏం చదవాలనుకున్నారు గ్లెన్?" అంది.

"యోబు, మార్జొరీ గారూ."

"గురువారం పదింటికి రండి. మేము చదివిందే, అయినా మళ్లీ చదువుతాం. కుర్చీలు తక్కువ, మీది మీరు తెచ్చుకోవాలి."

అంతే. ప్రార్థన లేదు, ప్రతిపాదన లేదు, ఎవరి హృదయంలోనూ ఎవరూ ఏదీ పెట్టలేదు. ఆడవాళ్ల పనుల్లో ఒక విధానమంటూ ఉండదని డెల్బర్ట్ తరువాత వ్యాఖ్యానించాడు.

గ్లెన్ ఇప్పుడు శనివారాలు రావడం లేదు. మా పాఠ్యక్రమం దివ్యంగా సాగుతోంది. ఖాళీలన్నిటిలోనూ ‘ప్రభువు’ అని రాస్తే సరిపోతుందని లాయిడ్ మొదటి రోజే కనిపెట్టాడు. ఒక్కచోట మాత్రం ‘జింక’ అని రాయాలి. కట్టెల యంత్రం ఇంకా లాయిడ్ దగ్గరే ఉంది, ఆ విషయం మీద పాఠ్యక్రమంలో ఏమీ లేదు.

ప్రతి శనివారం చివర్లో ప్రార్థన మనవులు చెప్పుకుంటాం. మొదటి మనవి ఎప్పుడూ గ్లెన్ గురించే. మన సోదరుడు వాక్య ధ్యానం విడిచి సహవాసానికి దూరమయ్యాడు, అతని మనసు మార్చు ప్రభువా అని అందరం తలలు వంచి అడుగుతాం. లాయిడ్ గొంతు వణుకుతుంది కూడా. గ్లెన్ అంటే మాకు ప్రాణం. ఆయన ఎదురుగా లేకపోవడం వల్ల ఆ మాట ఇప్పుడు ధారాళంగా చెప్పగలుగుతున్నాం.

అంగీల గది సంగతులు డెల్బర్ట్ ద్వారా తెలుస్తుంటాయి. స్త్రీల బృందం బాగా వెనకబడిపోయిందని ఆయన ఈమధ్య ఎంతో సంతోషంగా చెప్పాడు. రెండు గురువారాలు గడిచినా యోబు మూడో అధ్యాయం దాటలేదట. మధ్యలో గ్లెన్ ఆగిపోతాడట. ఆయన ఆగితే వాళ్లందరూ ఆగిపోతారట. ఎవరూ ఏమీ మాట్లాడరట, అంగీల మధ్య ఊరికే కూర్చుంటారట, ఆయన మళ్లీ మొదలుపెట్టేదాకా.

"బైబిలు రెండుసార్లు చదివినవాళ్లు! ఒక్క అధ్యాయానికి ఇంత ఆలస్యమా!" అన్నాడు డెల్బర్ట్, టోపీ సర్దుకుంటూ.

కాబట్టి మా బృందంలో ప్రస్తుతం ఒక కుర్చీ ఖాళీ ఉంది. పెద్ద చర్చి కాదు, ఆడంబరాలు లేవు, కాఫీ ఎప్పుడూ వేడిగా ఉంటుంది. ఎల్మ్ ఫోర్క్ వైపు వస్తే మీరు కూడా తప్పక దయచేయండి. ఏ మతంవారైనా ఫరవాలేదు, ఏమీ చదివి ఉండనక్కరలేదు. కష్టాలేమీ లేని మగవాళ్లందరికీ ఇదే మా హృదయపూర్వక ఆహ్వానం.